ధనమ్మగారి మంచం

దానమిచ్చిన ఆవుకి పళ్ళు లెక్కపెట్టకూడదంటారు. ఆ మాట అన్నవాడెవడో గానీ, తెనాలిలో పాతసామాను కొట్టు మాత్రం నడిపి ఉండడు. శేషారత్నం నడిపింది. ఆవు పళ్ళ మాట దేవుడెరుగు, ఒకరోజు ఓ మూటలోంచి ఏకంగా మనిషి కట్టుడుపళ్ళే బయటపడ్డాయి. ఎవరో పెద్దాయన పోతే, ఆయన చొక్కాలతోపాటు పళ్ళు కూడా మూటగట్టి ఉప్పెన బాధితులకు సాయం అని పంపించారు.

"ఇవెవరు పెట్టుకుంటారని పంపారయ్యా?" అని రిక్షాలో మూట తెచ్చిన పున్నారావుని అడిగింది శేషారత్నం.

"ఇంట్లో ఉంచుకోగూడదంటండి" అన్నాడు పున్నారావు.

విన్నారా? ఇంట్లో ఉంచుకోకూడనిది దానానికి పనికొస్తుందట. శేషారత్నం ఆ పళ్ళని కాగితంలో చుట్టి పెంటకుప్ప మీద పారేయించి, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుంది.

డెబ్బై ఏడు కార్తీకంలో ఉప్పెన వచ్చి సముద్రం ఒడ్డు పల్లెల్ని ఊడ్చుకుపోయాక, తెనాలి పెద్దమనుషులు ఒక సంఘం పెట్టారు. ఇళ్ళలో ఊరికే పడి ఉన్న సామాను పోగు చేయాలి, కొట్టు పెట్టి అమ్మాలి, వచ్చిన డబ్బుతో నిజాంపట్నం దగ్గరి ఒక పల్లెపాలెంలో చేపలు పట్టుకు బతికేవాళ్ళకి పక్కా ఇళ్ళు కట్టించాలి. ఆలోచనకి వంక పెట్టేదేం లేదు. కొట్టులో కూర్చునే మనిషి కావాలంటే శేషారత్నం తానే ముందుకొచ్చింది. యాభై దాటిన మనిషి. భర్త శివరామయ్య సంగం జాగర్లమూడిలో పొలం చూసుకుంటూ వారానికోసారి వచ్చిపోతాడు. పిల్లలు ఎవరి కాపురాలు వాళ్ళవి. ఆవిడ నోటికి సరిపడా పని ఇంట్లో లేకుండా పోయింది.

కొట్టు మార్కెట్టు వెనక ఒక పాత గది. తలుపు తీస్తే చాలు, చెమటా, ఎలక ఉచ్చా, కలరా ఉండలూ కలగలిసిన కంపు మొహాన కొట్టేది. బొందుల్లేని లంగాలు, చెవి విరిగిన కప్పులు, జోడు లేని చెప్పు, నల్లులు కాపురం పెట్టిన పరుపులు. అన్నింటికంటే శేషారత్నానికి ఒళ్ళు మండేది చొక్కాల్ని చూస్తే. చొక్కా ఇచ్చేవాళ్ళు, ఇచ్చేముందు గుండీలు కోసేసుకునేవాళ్ళు! పక్కా మేడల్లో ఉండేవాళ్ళు, కత్తెర పట్టుకుని తీరుబడిగా కూర్చుని, ఒక్కో గుండీ కోసి డబ్బాలో వేసుకుని, ఆ తర్వాత బోడి చొక్కాని ధర్మం చేసేవాళ్ళు.

"ఛీ, వీళ్ళ బతుకులు చెడ" అని పైకే తిట్టేది శేషారత్నం. "ఆ గుండీలు నోట్లో వేసుకుని పోతారా పైకి?"

ఎప్పుడైనా ఒకటీ అరా మంచి చీర వస్తే, సంఘంలోని ఆడవాళ్ళు కొట్టు తెరవకముందే దిగేవాళ్ళు. "దీనికెంత వేద్దామంటావు వదినా?" అని అడిగి, వాళ్ళే ధర కట్టి, వాళ్ళే పట్టుకుపోయేవాళ్ళు. మిగిలిన చెత్తని మార్కెట్టు హమాలీలు, రిక్షావాళ్ళు, కూలికి పోయే ఆడవాళ్ళు బేరమాడి కొనుక్కునేవాళ్ళు. ఆ కొన్న చొక్కాకి గుండీలు మళ్ళీ కొనుక్కుని కుట్టించుకునేవాళ్ళు. సరిగ్గా ఆలోచిస్తే, పల్లెపాలెంలో లేచిన ప్రతి గోడకీ డబ్బిచ్చింది ఈ కూలిజనమే. పెద్దమనుషులు ఇచ్చింది కంపు ఒక్కటే. పేపర్లో ఫోటోలు మాత్రం పెద్దమనుషులవి పడ్డాయి.

ఎంత రోత పుట్టినా శేషారత్నం కొట్టు మానలేదు. అందుకు కారణం గంగాదేవి.

గంగాదేవి ఆ పల్లెపాలెం మనిషే. ముప్ఫై దాటి ఉంటాయి. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని, రేపల్లె నుంచి పొద్దుటి రైల్లో తెనాలి వచ్చి వీధుల్లో అమ్ముకుని వెళ్తుంది. ఉప్పెన ఆమె మొగుణ్ణీ, చంకలో పిల్లాణ్ణీ తీసుకుపోయింది. అత్త పేరంటాలూ, తనూ ఒక తాడిచెట్టుని కరుచుకుని మిగిలారు. అప్పట్నుంచీ తాటాకులూ, గోనెపట్టాలూ కలిపి కట్టిన పాకలో ఉంటున్నారు. సంఘం కట్టిస్తున్న ఇళ్ళలో ఒకటి వాళ్ళది. తెనాలి వచ్చినప్పుడల్లా గంప కొట్టు అరుగు మీద దించి, మంచినీళ్ళు తాగి, ఒకటే ప్రశ్న అడిగేది.

"అమ్మా, కప్పెప్పుడేస్తారంటా?"

గంప అరుగు మీద పెట్టడం సంఘంలో కొందరికి నచ్చలేదు. చేపల కంపు బట్టలకు పడుతుందన్నారు. "చేపల కంపు ఉతికితే పోద్ది. మీ పరుపుల కంపు నేను ఆరునెలల్నుంచీ ఎండేస్తున్నా పోలేదు" అంది శేషారత్నం. ఆ తర్వాత గంప జోలికి ఎవరూ రాలేదు.

కప్పు సంగతి మాత్రం ఎటూ తేలలేదు. గోడలు లేచి ఆగిపోయాయి. పని చేస్తున్న బాపట్ల మేస్త్రీ సామ్యేలు, సిమెంటు లేకుండా స్లాబు ఎట్లా వేస్తానండీ అని సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు. సిమెంటు దొరకడం లేదని సంఘం ప్రెసిడెంటు పూర్ణచంద్రరావు చెప్పాడు. ఆయనకి రైసుమిల్లు ఉంది. ఆ యేడు ఆ మిల్లుకి కొత్త ప్లాట్‌ఫారం, కొత్త ప్రహరీ లేచాయి. వాటికి సిమెంటు ఎక్కడ దొరికిందో అడిగే దమ్ము సంఘంలో ఎవరికీ లేదు. కప్పులు రాకముందే నల్లరాతి శిలాఫలకం మాత్రం చెక్కించి పంపారు. దాని మీద పూర్ణచంద్రరావు పేరు అందరికంటే పైన, అందరికంటే పెద్ద అక్షరాల్లో ఉంది. ఆ రాయిని కొట్టులోనే గోడకి ఆనించి ఉంచారు. శేషారత్నం దాని మీద తడిగుడ్డలు ఆరేసేది.

శ్రావణంలో పూర్ణచంద్రరావు తల్లి ధనమ్మ పోయింది.

ధనమ్మగారి సంగతి ఊరందరికీ తెలుసు. పిల్లికి బిచ్చం పెట్టిన మనిషి కాదు. వడ్లు అప్పిచ్చేటప్పుడు ఒక కుంచం, తిరిగి కొలిపించుకునేటప్పుడు ఎక్కువ పట్టే ఇంకో కుంచం. రెండు కుంచాలూ పక్కపక్కనే ఉండేవి, దాచేది కూడా కాదు. కూలివాళ్ళు అడగబోతే, "కళ్ళు సరిగా కనపడట్లేదా నీకు?" అని ఎదురు కసిరేది. అలాంటి మనిషికి కర్మకాండ మాత్రం కొడుకు ఘనంగా చేశాడు.

దినవారాలు ముగిసిన మర్నాడు కొట్టు ముందు రెండెడ్ల బండి ఆగింది. నలుగురు మనుషులు పట్టి ఒక మంచం దింపారు. కొత్త టేకు మంచం. కోళ్ళకి నగిషీ. దాని మీద కొత్త బూరుగుదూది పరుపు, తలగడలు, దుప్పటి, దోమతెర. పక్కన కొత్త గొడుగు, కొత్త చెప్పుల జోడు, ఇత్తడి చెంబు, తాంబూలం పళ్ళెం. ధర చీటీలు కూడా ఊడలేదు. ఆ కొట్టు చరిత్రలో గుండీలు ఊడని సామాను అదే మొదటిది.

శేషారత్నానికి ఒక్క చూపుతో అర్థమైపోయింది. మంచం, పరుపు, గొడుగు, చెప్పులు, చెంబు. ఇవన్నీ కలిసి వచ్చేది ఒక్కచోటికే. శయ్యాదానం సామాను. పోయినవాళ్ళు ఆ దారిలో ఎండకి మాడకుండా, ముళ్ళు గుచ్చుకోకుండా, పడుకునేందుకు పక్క దొరికేలా వాళ్ళ పేరుమీద ఇచ్చే దానం. దానం పట్టినవాడికి సామానుతోపాటు చచ్చినవాళ్ళ పాపం కూడా వస్తుందని లోకంలో ఒక భయం. అందుకే అది పట్టే బ్రాహ్మడు మంచి సంభావన పుచ్చుకుని గాని చెయ్యి చాపడు.

"వెంకట్రామయ్య పంతులుగారు పట్టనన్నారండీ" అన్నాడు పున్నారావు, లోపలి సంగతులన్నీ వాడికి తెలుస్తాయి. "ఎంతిచ్చినా వద్దన్నారంట. ఆ రెండు కుంచాల పాపం మొయ్యాలంటే నాకీ నడుం చాలదు నాయనా అన్నారంట."

"అందుకని ఇక్కడికి తోలారా!" అంది శేషారత్నం. "బామ్మడు వద్దన్న పాపాన్ని మనం అమ్మిపెట్టాలా? ఛీ ఛీ! దీనికన్నా ఆ కట్టుడుపళ్ళే నయం."

మూడోరోజు పేపర్లో వార్త పడింది. మాతృమూర్తి జ్ఞాపకార్థం ఉప్పెన బాధితులకు విలువైన గృహోపకరణాలు సమర్పించిన పూర్ణచంద్రరావుగారి దాతృత్వం గురించి.

ఆ మంచాన్ని ఎవరూ కొనలేదు. తెనాలిలో అది ఎవరి మంచమో, ఎందుకొచ్చిందో తెలియనివాళ్ళు లేరు. సగం ధర అన్నా, పావు వంతు అన్నా, హమాలీలు కూడా దూరం నుంచే దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. వాళ్ళ పిరికితనం చూసి శేషారత్నం ఎద్దేవా చేసేది. "కర్రకి పాపం అంటుకుంటుందిట్రా? టేకు, చెద కూడా పట్టదు. ఇంక పాపం పడుతుందా?" అనేది. అంటూనే ఆ మంచం మీద ఒక పాత దుప్పటి కప్పించింది, దుమ్ము పడకుండా అని. గదిలో అటూ ఇటూ తిరిగేటప్పుడు దానికి తగలకుండా, గోడవార నుంచి చుట్టూ తిరిగి వెళ్ళేది.

భాద్రపదంలో ఒకరోజు పూర్ణచంద్రరావు స్వయంగా కొట్టుకి వచ్చాడు. మనిషి నలిగిపోయి ఉన్నాడు.

"అక్కయ్యగారూ, మీతో ఒక మాట" అంటూ స్టూలు లాక్కున్నాడు. "మా ఆవిడకి రోజూ కలలోకి మా అమ్మ వస్తోందండీ. మంచం దగ్గర నిలబడి, నా పక్క ఏదే, అని అడుగుతోందంట. ఇంట్లో నిద్దర్లు లేవు. పంతులుగారు ఏమంటున్నారంటే, సామాను ఇల్లు దాటితే సరిపోదట. ఒక మనిషి మంచం మీద కూర్చుని, ధారపోసిన నీళ్ళు చేత్తో పట్టాలట. అప్పుడుగానీ అమ్మకి చేరదట."

"అయితే పట్టమనండి ఆయన్నే."

"ఆయన పట్టరు. పట్టేది పేదవాళ్ళయితే ఇంకా మంచిదే, దారి లేకపోలేదు అన్నారు." పూర్ణచంద్రరావు గొంతు తగ్గించాడు. "వచ్చే వారం మనం ఇళ్ళు అప్పగించే సభ పెట్టుకుందాం. ఆ చేపలామె ఉందిగా, గంగాదేవి, మీ మాట వింటుంది. ఆమెని మంచం మీద కూర్చోబెట్టి, ఇల్లూ మంచమూ ఇస్తున్నాం అని చెప్పి, చేతిలో నీళ్ళు పోయిద్దాం. పక్కన పంతులుగారు మంత్రం చదువుకుంటారు. సభ మాదిరిగానే ఉంటుంది. వాళ్ళకివన్నీ తెలియవుగా."

శేషారత్నం చేతిలో మడుస్తున్న చొక్కాని పక్కన పెట్టింది.

"కప్పు లేని ఇల్లు అప్పగిస్తారా?"

"ప్రస్తుతానికి తాటాకు వేయిద్దాం. సిమెంటు దొరికినప్పుడు చూద్దాం."

"అంటే ఏంటయ్యా," అంది శేషారత్నం లేచి నిలబడుతూ, "మీ అమ్మ కొలిచిన దొంగ కుంచాలకి, మొగుడూ బిడ్డా సముద్రం పాలయిన ఆడది సంచీ పట్టాలా? అదీ చెప్పకుండా? నీకు కూడు ఎట్లా దిగుతోందయ్యా? తిలా పాపం తలా పిడికెడు అంటారు, నువ్వు పిడికెడు కూడా ఉంచుకోకుండా మొత్తం ఆమె చేతిలో పోద్దామనుకుంటున్నావే!"

పూర్ణచంద్రరావుకి కోపం వచ్చినట్టు కనపడలేదు. అలసిపోయినవాడిలా చూశాడు. "ఆమె ఒప్పుకోకపోతే ఆ ఇల్లు ఇంకొకరికి ఇస్తారు సంఘంవాళ్ళు. ఇల్లు కావాలనేవాళ్ళు ఆ పాలెంలో చాలామంది ఉన్నారక్కయ్యా" అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ రోజు శేషారత్నానికి అన్నం సయించలేదు. ముద్ద నోటిదాకా వెళ్ళినప్పుడల్లా ఆ 'అక్కయ్యా' అనే పిలుపు గుర్తుకొచ్చేది, చివరికి కంచం పక్కకి నెట్టేసింది.

మర్నాడు గంగాదేవి గంప దించగానే అంతా చెప్పేసింది. మంచం ఏమిటో, గొడుగు ఎందుకో, నీళ్ళు పోస్తే ఏమవుతుందంటారో, ఒక్కటీ దాచలేదు. చెప్పి, "నువ్వు రావద్దు. ఆ సభకి రానేవద్దు. ఇంటి సంగతి నేను కొట్లాడతా" అంది.

గంగాదేవి మంచం దగ్గరకి వెళ్ళి, దుప్పటి ఎత్తి చూసింది. కోళ్ళ మీద చెయ్యి వేసి నిమిరింది. పరుపు నొక్కింది.

"నువ్వు కొట్లాడితే కప్పేస్తారామ్మా?"

శేషారత్నం శిలాఫలకం మీది తడిగుడ్డ తీసి, మళ్ళీ అక్కడే ఆరేసింది.

"కార్తీకం వత్తంది" అంది గంగాదేవి. "గాలి లేస్తే మా యత్త నా కొంగు పట్టుకుని వణుకుద్ది. రాత్రిపూట మబ్బు ఉరిమితే చాలు, తాడిచెట్టేదే తాడిచెట్టేదే అంటాది."

"మరి ఆ పాపం..."

"ఏం పాపం జేశారమ్మా నా మొగుడూ, నా పిల్లోడూ? పాపం జెయ్యకుండానే అంత వచ్చింది. జేసినోళ్ళ పాపం నెత్తిన పెట్టుకుంటే ఇంకెంత వత్తదో రానియ్. నెత్తిన గంప మోసేదాన్ని, అదీ మోత్తా." దుప్పటి మళ్ళీ కప్పేసింది. "కానీ ఊరికే మొయ్యను. గంపలో చేప ఊరికే ఇత్తన్నానా నేను?"

సభ రోజున నిజాంపట్నం దారి బురద బురదగా ఉంది. రేపల్లె దాకా రైల్లో, అక్కణ్ణుంచి జీపుల్లో సంఘంవాళ్ళు దిగారు. మంచం ముందురోజే లారీలో వెళ్ళింది. కప్పు లేని ఇంటి నట్టనడుమ, నాలుగు గోడల మధ్య, మంచం వేసి దోమతెర కట్టి ఉంచారు. వాకిట్లో శిలాఫలకం, దాని మీద పట్టుగుడ్డ. పంతులుగారు ఒక మూల దర్భలూ నువ్వులూ సర్దుకుంటున్నారు. పూర్ణచంద్రరావు భార్య మంచం వంక చూడలేక మొహం పక్కకి తిప్పుకుని నిలబడింది. పాలెం జనం గోడల చుట్టూ మూగారు.

పూర్ణచంద్రరావు మైకు ముందు మాతృమూర్తి దయార్ద్రహృదయం గురించి చెప్పాడు. శేషారత్నం కొంగుతో ముక్కు మూసుకుంది. చుట్టుపక్కల చేపల కంపుకి అనుకున్నారు సంఘం ఆడవాళ్ళు, వాళ్ళూ మూసుకున్నారు.

గంగాదేవి వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని, జుట్టు నున్నగా దువ్వుకుని, ఏమీ ఎరగనట్టు మంచం మీద కూర్చుంది. కొత్త చెప్పులు తొడుక్కోమంటే తొడుక్కుంది. ఎవరో నెత్తి మీద గొడుగు పట్టారు. పేరంటాలు కోడలి పక్కన నేల మీద కూలబడి, పరుపు అంచు పట్టుకుని చూస్తోంది. పంతులుగారి పెదవులు కదలడం మొదలెట్టాయి. పూర్ణచంద్రరావు చెంబు అందుకున్నాడు.

"చెయ్యి చాపమ్మా" అన్నారు పంతులు.

గంగాదేవి చెయ్యి చాపింది. చెంబు వంగింది. నీటిబొట్టు అంచు దాకా వచ్చేసరికి గుప్పిట మూసేసింది. నీళ్ళు మెటికల మీద పడి నేల మీదికి జారిపోయాయి.

"పైకి చూడండి బాబుగారా" అంది.

అందరూ పైకి చూశారు. గొడుగు పట్టినవాడు కూడా దాన్ని పక్కకి వంచి చూశాడు. పైన మబ్బు తప్ప ఏమీ లేదు.

"ఇల్లు ఇచ్చామని రాయి మీద రాయించారంటగా. కప్పేది?"

"తాటాకు వేయిస్తామన్నాం కదమ్మా" అన్నాడు పూర్ణచంద్రరావు.

"ఆకు నేనేసుకోలేనా? ఉప్పెన ఎత్తుకుపోయింది ఆకునే. కప్పు వెయ్యండి, ఈ వరస మొత్తానికీ వెయ్యండి. నా ఒక్కదానికే వేత్తే రేపు వీళ్ళు నన్ను ఇక్కడ బతకనియ్యరు. వేసిన రోజున గుప్పిట తీత్తా. మీ యమ్మగారి పాపం మొత్తం పొయ్యండి, ఒక్క చుక్క కింద పడనియ్యను."

చివరి మాట మైకులో పడింది. సంఘంవాళ్ళ మొహాలు నల్లబడ్డాయి. పంతులుగారు దర్భలు గబగబా సంచీలోకి తోసేశారు. "ఇంకెవర్నన్నా కూర్చోబెట్టండయ్యా" అని గొణిగాడు పూర్ణచంద్రరావు. సంఘం మనిషొకడు పాలెం ఆడవాళ్ళ వైపు తిరిగాడు. వాళ్ళు ఒక్కొక్కరే చేతులు కొంగు కిందికి లాక్కున్నారు. అప్పటిదాకా మొహం తిప్పుకుని ఉన్న పూర్ణచంద్రరావు భార్య ఒక్కసారిగా బావురుమంది. "వేయించండి! మీకు పుణ్యముంటుంది, ఆ కప్పులేవో వేయించి పారేయండి! ఇవాళ రాత్రి మళ్ళీ వస్తుంది ఆవిడ!"

తర్వాతి వారమే సిమెంటు దొరికింది. ఎక్కడ దొరికిందో, తిరిగొచ్చిన సామ్యేలు మేస్త్రీ శేషారత్నానికి చెప్పాడు. "మిల్లు షెడ్డులోదేనండి. పాలెం ఇళ్ళ పేరు మీదే వచ్చిందంట, ఎప్పట్నుంచో ఉంది. అడుగు బస్తాలు గడ్డ కూడా కట్టినయ్." తిట్టడానికి కూడా రోత పుట్టే దశ ఒకటి ఉంటుంది, అక్కడికి చేరింది ఆవిడ.

వరస మొత్తానికీ స్లాబులు పడ్డాయి. సెంట్రింగు విప్పిన రోజున గంగాదేవి అన్నమాట ప్రకారం మంచం మీద కూర్చుని, గుప్పిట తీసి, నీళ్ళు పట్టింది. ఈసారి సభ లేదు, మైకు లేదు. ఆ రాత్రి నుంచి పూర్ణచంద్రరావు భార్య కలలోకి ధనమ్మ రాలేదని పున్నారావు చెప్పాడు. కొన్నాళ్ళపాటు శేషారత్నం కొట్టుకి వచ్చిన ప్రతివాళ్ళకీ ఈ కథ చెప్పి, సంఘంవాళ్ళని కడిగి ఆరేసేది. చదువుకున్నవాళ్ళు, సంపన్నులు, మంచం చూసి వణికేవాళ్ళు, వీళ్ళూ మనుషులేనా అని.

కార్తీకంలో ముసురు పట్టింది. వాయుగుండం అని రేడియోలో చెప్పారు. రెండురోజులు గాలి గట్టిగా వీచి, మూడోరోజుకి తగ్గింది. శేషారత్నం ఉండబట్టలేక బయల్దేరింది. రేపల్లెలో దిగి, కిక్కిరిసిన బస్సులో కూర్చునే చోటు లేక ఒకరి గోనెమూట మీద చతికిలబడి, అక్కణ్ణుంచి బురదలో చెప్పులు చేతబట్టుకుని నడిచి పాలెం చేరింది. కప్పులు కప్పుల్లాగే ఉన్నాయి. ఆ వరసలో ఒక్క పెంకు ఎగరలేదు, ఎగరడానికి పెంకే లేదు. ఆవిడకి ఏడుపొచ్చినంత పనైంది.

"రామ్మా, రా! తడిసిపోయావే" అంటూ గంగాదేవి ఎదురొచ్చింది.

లోపల పొయ్యి మీద ఏదో ఉడుకుతోంది. గది నడుమ మంచం. దోమతెర కింద పేరంటాలు నిండా దుప్పటి కప్పుకుని, నోరు తెరిచి గురకపెడుతోంది.

"గాలి లేచిన రెండు రాత్రులూ ఇట్టానే పడుకుంది" అంది గంగాదేవి. "తాడిచెట్టు మాటే ఎత్తలా." అత్త కాళ్ళు ఒక పక్కకి జరిపి, పరుపు మీద చోటు చేసి, చేత్తో దులిపింది. "కూకోమ్మా. అంత దూరం నించి వచ్చావు."

శేషారత్నం మంచం దాకా వెళ్ళింది. టేకు కోడు మీద చెయ్యి వెయ్యబోయింది. వెయ్యలేదు. కళ్ళముందు రెండు కుంచాలు కనపడ్డాయి, ధనమ్మ బోసి నోరు కనపడింది. కొడుకులూ, మనవలూ, సంగం జాగర్లమూడిలో ముసురుకి దగ్గుతున్న శివరామయ్యా, అందరూ ఒక్కసారిగా గుర్తొచ్చారు.

"వద్దులే గంగాదేవీ" అంది. "మోకాళ్ళు పట్టేశాయి. వంగట్లేదు. నిలబడతానులే."

గంగాదేవి ఆవిడ మొహం వంక చూసింది. మూలనున్న ఈతచాప తెచ్చి నేల మీద పరిచింది. శేషారత్నం హమ్మయ్య అనుకుని, చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

గంగాదేవి గిన్నెలో వేడి గంజి పోసి, ఆవిడ ముందు పెట్టింది.

"మోకాళ్ళు బాగానే వంగినయ్యమ్మా" అంది.

గొంతులో కోపం లేదు, ఎగతాళి లేదు. చేప ధర చెప్పినట్టు చెప్పి, పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. శేషారత్నం గంజి గిన్నె రెండు చేతులా పట్టుకుని తల వంచుకుంది. ఏడాదిపాటు ఊరందర్నీ అన్న 'ఛీ' అనే మాట నోటిదాకా వచ్చి, ఎటు వెళ్ళాలో తెలియక అక్కడే నిలబడిపోయింది. మంచం మీద పేరంటాలు అటు తిరిగి పడుకుంది.